గుమ్మానికి వేపమండ

బాబుకు స్నానం చేయించి వీపు తుడుస్తున్నప్పుడు కనిపించింది. ఎడమ చంక కింద, నీటిబొట్టు అనుకుని తుడిచాను. పోలేదు. మళ్ళీ తుడిచాను. వేలితో తాకితే మెత్తగా తగిలింది. ఆ క్షణాన నా చూపు ఆ పొక్కు మీద నిలవలేదు. స్నానాలగది దాటి, హాలు దాటి, మా ఇంటి గుమ్మం మీదికి పోయింది. అక్కడ ఈ అపార్ట్‌మెంట్‌లో దిగిన రోజు కట్టిన ప్లాస్టిక్ తోరణం తప్ప ఏమీ లేదు. అయినా నాకు వేపాకు వాసన వచ్చింది.

పాప రెండో తరగతి, బాబు నర్సరీ. ఇద్దరిదీ ఒకటే బడి, సాతంరాయి దాటాక హైవే పక్కన. ఈ వారమంతా తల్లుల వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల. బడిలో ఇద్దరు పిల్లలకు ఆటలమ్మ పోసింది. ఇంకొక్కరికి వస్తే వేసవి సెలవులు ముందే ఇచ్చేస్తామని, శనివారం జరగాల్సిన వార్షికోత్సవం కూడా ఉండదని బడివాళ్ళు సందేశం పెట్టారు. వెంటనే మూసేయండి, పిల్లల ప్రాణం కంటే ఎక్కువా అని కొందరు. మూస్తే మా డ్యూటీలు ఎవరు చేస్తారు, పిల్లల్ని ఎవరి దగ్గర వదలాలి అని కొందరు. "దోమ కుట్టినా కేసు అనకండి తల్లుల్లారా, మీకు దండం పెడతా" అని ఒకావిడ రాస్తే, దాని కింద నవ్వే బొమ్మలు వరుసగా పడ్డాయి. నేనూ ఒకటి పెట్టాను. అది నిన్నటి సంగతి.

పాప శనివారం నాటకంలో వాన. చెట్లన్నీ ఎండిపోయి వాలిపోయాక చివర్లో వచ్చి గిరగిరా తిరగాలి. వెండి రంగు కాగితాన్ని దారాల్లా కత్తిరించి గౌనుకు కుట్టాను. నెల నుంచి ఇల్లంతా ఆ దారాల ముక్కలే. పప్పులో కూడా ఒకసారి వచ్చింది.

మా ఆయన విమానాశ్రయంలో సరుకుల విభాగంలో పని చేస్తారు. ఈ వారం రాత్రి డ్యూటీ. ఫోన్ చేసి చెప్పాను.

"ఒక్క పొక్కే కదా. రేపు డాక్టరుకి చూపిద్దాం. ఈలోగా గ్రూపులో ఏమీ పెట్టకు. మనవల్లే మూశారంటారు" అన్నారు.

మనవల్లే. ఆ ఒక్క మాట నన్ను పట్టుకుంది. పిల్లలు పడుకున్నారు. నేను భోజనాల బల్ల ముందు కూర్చుని ఇది రాస్తున్నాను. చెబితే పాప వాన ఆగిపోతుంది, చెప్పకపోతే ఇంకెవరి పిల్లలకో అంటుకుంటుంది. ఎటు తిరిగినా గోడే. ఒక విమానం దిగుతూ కిటికీ అద్దాన్ని వణికించి పోయింది. అది దిగేది మా ఊరి మీదే.

మా ఊరు ఇప్పుడు లేదు. ఈ మాటంటే మా పాప నవ్వుతుంది. ఊరు లేకపోవడమేంటమ్మా, బస్సు ఎక్కితే వస్తుందిగా అంటుంది. బస్సులూ విమానాలూ అన్నీ అక్కడికే వస్తాయి, నిజమే. విమానాశ్రయం కంచె లోపల ఎక్కడో ఉండేది మా గల్లీ. పెళ్ళయ్యాక మొదటిసారి విమానం ఎక్కినప్పుడు, అది పరుగు అందుకుంటుంటే పక్కవాళ్ళు కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకున్నారు. నేను కిటికీకి మొహం ఆనించి మా ఇల్లు ఎక్కడ ఉండి ఉంటుందా అని వెతికాను. కత్తిరించిన గడ్డి, నేలలో పాతిన దీపాలు. అంతే.

అప్పట్లో అది ఎర్రమట్టి ఊరు. చుట్టూ ద్రాక్ష తోటలు. చలి తగ్గాక కాపు కోసేవాళ్ళు. ఆ రోజుల్లో ఊళ్ళో ఎటు పోయినా పులిసిన తీపి వాసన, తోటలకు కొట్టే మైలుతుత్తం వాసన. మా నాయనమ్మ చేతివేళ్ళ సందుల్లో ఆ నీలం రంగు ఉండేది, కాయలు రాలకుండా గుత్తులు కోయడంలో ఆమె చేయి మంచిదని తోటలవాళ్ళు పిలిచేవాళ్ళు. బాపు మాత్రం తోటలకు పోలేదు. కాటేదాన్‌లో ప్లాస్టిక్ బకెట్లు చేసే కార్ఖానాలో పని. ఇంటికొస్తే ఆయన చొక్కా కాలిన ప్లాస్టిక్ వాసన వేసేది. ఆ చొక్కా విప్పి దండెం మీద వేయగానే అమ్మ వంటింటి తలుపు దగ్గరికి వేసేది.

ఆ ఏడు మా ఊరు ఖాళీ చేయాలి. విమానాశ్రయానికి భూమి పోయింది, మాకు దూరంగా కొత్త కాలనీలో ఇంటి జాగాలు చూపించారు. కొందరు అప్పటికే వెళ్ళిపోయారు. పోతూ పోతూ పెంకులు, దూలాలు, దర్వాజలు కూడా ఊడదీసుకుని లారీల్లో వేసుకుపోయారు. తలుపులు లేని ఇళ్ళు నోరు తెరుచుకుని ఉండేవి. మేము పిల్లలం వాటిలో దొంగాట ఆడేవాళ్ళం. ఒక ఇంట్లో పొయ్యి గడ్డ మీద ఇంకా మసిగుడ్డ మడత పెట్టి ఉండేది, ఎవరో దించిన గిన్నె కోసం మళ్ళీ వస్తారన్నట్టు.

బడి మాత్రం నడుస్తోంది. రెండు గదులు, ముందు ఒక వేపచెట్టు, దాని కొమ్మకు వేలాడదీసిన రైలుపట్టా ముక్క. అదే గంట. మా పెద్ద సార్ కోస్తా నుంచి వచ్చి నగరంలో స్థిరపడిన మనిషి. రోజూ స్కూటర్ మీద వచ్చేవారు. మమ్మల్ని కూడా "కూర్చోండమ్మా, రాయండమ్మా" అనేవారు. ఆయన అటు తిరగగానే మేము ఒకరినొకరం "ముక్కు తుడుచుకోండమ్మా" అని నవ్వుకునేవాళ్ళం. మా బడిలో ఒక ఆచారం ఉండేది. అయిదో తరగతి పిల్లలు పెద్ద పరీక్ష రాసి బడి వదిలే రోజు, తలా ఒక దెబ్బ గంట కొట్టి వెళ్ళిపోవాలి. మిగతా రోజుల్లో గంట కొట్టే ఇనుప కమ్మీని ముట్టుకుంటే చేతి మీద దెబ్బ పడేది. నేను ఆ ఏడు అయిదో తరగతి. ఒకటో తరగతి నుంచి ఆ దెబ్బ కోసం చూస్తున్నాను. ఎంత గట్టిగా కొట్టాలో, ఏ చేత్తో కొట్టాలో కూడా అనుకుని పెట్టుకున్నాను. నేను కొడితే తోటల్లో మా నాయనమ్మకు వినపడాలి.

పరీక్షలకు ముందు ఊళ్ళో ఆటలమ్మ దిగింది. మా దిక్కు ఆ పేరు కూడా ఎత్తరు. అమ్మవారు పోసింది అంటారు, అది కూడా మెల్లగా. పోసిన ఇంటి గుమ్మానికి వేపమండ కడతారు. ఇక ఆ ఇంటికి బయటివాళ్ళు రారు, ఆ ఇంటివాళ్ళు ఎవరింటికీ పోరు. పోపు వేయరు, వేపుడు చేయరు, మగవాళ్ళు గడ్డం గీసుకోరు. అమ్మవారు శాంతించాక ఒక మంచి రోజు చూసి పిల్లకు వేపాకు నీళ్ళు పోసి, అప్పుడు మండ విప్పుతారు. అంతవరకు ఎవరూ దాన్ని తాకరు.

సార్‌కు ఇవన్నీ కొత్త. మీ ఇంట్లో ఎవరికైనా జ్వరమా అని తల్లుల్ని అడిగి చూశారు. అమ్మవారిని జబ్బు అనకూడదు కాబట్టి అందరూ లేదనే చెప్పారు. దాంతో ఆయన ఒక ఉపాయం పట్టారు. పొద్దున్నే స్కూటర్ దిగి, దాన్ని నెట్టుకుంటూ ఊరి గల్లీలన్నీ తిరిగి, గుమ్మాలు చూసుకుంటూ బడికి వచ్చేవారు. మండ కట్టిన ఇంటి పిల్లలను రానిచ్చేవారు కాదు. అప్పటికి రెండు గుమ్మాలకు కట్టారు.

ఒకరోజు ప్రార్థన అయ్యాక ఆయన మమ్మల్ని కూర్చోమనలేదు.

"పిల్లలూ, ఇంకొక్క గుమ్మానికి వేపాకు కనిపిస్తే బడి మూసేస్తాను. పరీక్ష లేకుండానే అందరినీ పాస్ చేస్తాను. ఇంటి దగ్గర చెప్పండి" అన్నారు. వెనక వరసలో ఎవరో సంతోషంగా ఈల వేశారు. ఆయన కోప్పడలేదు. "మూశామంటే మళ్ళీ తెరిచేది ఉండదమ్మా. వేసవి సెలవులు అయ్యేసరికి ఈ గోడలు ఉండవు. అందుకే ఆగుతున్నాను" అన్నారు. ఈల వేసినవాడు తల దించుకున్నాడు.

ఆ పొద్దున బయల్దేరేటప్పుడే నాయనమ్మ నాకు పని చెప్పింది. "బిడ్డా, వచ్చేటప్పుడు బడి కాడి యాపమండ ఒకటి ఇరుసుకరా. మంచిగ లేతది చూడు."

ఉగాది వస్తోంది, పచ్చడికి పువ్వు కావాలేమో అనుకున్నాను. సాయంత్రం నేనూ మా పక్కింటి దోస్తూ చెట్టెక్కి, గంట వేలాడే కొమ్మకు పక్క కొమ్మ నుంచి పూత ఉన్న మండ చూసి విరిచాం. ఇంటిదాకా దాన్ని జెండాలా పట్టుకుని నడిచాను.

ఇంట్లో నాయనమ్మ తమ్ముణ్ణి ఒడిలో పడుకోబెట్టుకుని అంగీ పైకెత్తి చూస్తోంది. వాడి పొట్ట మీద ఒక పొక్కు. అమ్మ పక్కన నిలబడి ఉంది.

"చెమటకాయ లెక్కున్నది అత్తమ్మా" అంది అమ్మ నెమ్మదిగా.

"నీకెరుకనా? ఆమె వచ్చేటప్పుడు చెమటకాయ లెక్కనే వస్తది. కాదంటవా? కాదంటే కాదని చెప్పు, ఇంటున్న."

అమ్మ తమ్ముడి అంగీ కిందికి లాగింది. నాయనమ్మ నా చేతిలో మండ తీసుకుని, పసుపు దారం తెమ్మంది. అప్పుడు అర్థమైంది నాకు.

"వద్దు నాయనమ్మా! ఇంకో ఇంటికి మండ కనవడితే సార్ బడి మూసేస్తనన్నడు. ఇగ మల్ల తెరువరంట."

"బడి యాడికి పోతది బిడ్డా? పోయేది మనం గదా" అంది. అని స్టూలు ఎక్కి, దర్వాజ పైకమ్మీకి ఉన్న మేకుకు మండ కట్టింది.

చీకటి పడేవేళకు బాపు వచ్చాడు. గుమ్మం చూసి చెప్పులు వాకిట్లోనే విడిచాడు.

"ఎవలికి?"

"చిన్నోనికి."

తమ్ముడు అప్పటికి బెల్లం ముక్క నాకుతూ మంచం మీద ఎగురుతున్నాడు. బాపు వాణ్ణి కాసేపు చూశాడు.

"మంచిగనే ఉన్నడు గదనే అమ్మా. ఎగురుతుండు."

"ఎగిరిచ్చేది గూడ ఆమెనే" అంది నాయనమ్మ.

బాపు అమ్మ వైపు చూశాడు. అమ్మ పొయ్యి వైపు చూసింది. "మరి బేస్తారం లారీ వస్తది గద, ఎట్ల?" అన్నాడు. మా సామాను కాలనీకి తీసుకుపోవడానికి మాట్లాడిన లారీ అది. నాయనమ్మ తమ్ముడి నోటి నుంచి కారుతున్న బెల్లం తన కొంగుతో తుడిచింది.

తెల్లారి స్కూటర్ చప్పుడు మా గల్లీ మొదట్లో ఆగిపోయింది. నేను కిటికీ దగ్గరికి ఉరికాను. సార్ బండి నెట్టుకుంటూ వస్తున్నారు. మా గుమ్మం ముందు నిలబడిపోయారు. మండ తాజాగా ఉంది, దాని పూత వాకిట్లో రాలి ఉంది. ఆయనకు తన బడి చెట్టు పూత అని తెలియదు.

"ఎవరికమ్మా? పెద్దదానికా?" గడపకు అవతలే ఉండి అడిగారు.

అమ్మ కొంగు సర్దుకుని గుమ్మంలోకి వెళ్ళింది. "చిన్నోనికి సార్."

"జ్వరం ఉందా?"

అమ్మ కొంగు మళ్ళీ సర్దుకుంది.

"ఎన్ని పొక్కులమ్మా? నిజంగా అదేనా? చూడండి, మీరు అదే అంటే నేను ఇవాళే మూసేయాలి. కాదంటే ఇంకో వారం లాగి పరీక్ష పెట్టేస్తాను. మీరు సరిగ్గా చెప్పండి."

నేను అమ్మ వెనక నిలబడి ఆమె చీర కుచ్చెళ్ళు పట్టుకుని లాగాను. చెప్పు, చెమటకాయని చెప్పు. నాయనమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, ఇటు చూడటం లేదు. అమ్మ తల తిప్పి ఆమెను చూసింది, మంచం మీద తమ్ముణ్ణి చూసింది, పైన మండను చూసింది.

"అవును సార్" అంది.

ఆయన నన్ను చూశారు. "జాగ్రత్తమ్మా" అని స్కూటర్ తిప్పుకున్నారు.

ఆ రోజు మధ్యాహ్నం నాయనమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది, అమ్మ చాట పట్టుకుని ఎదురుగా కూర్చుంది. గంట మోగింది. అన్నం గంట అనుకున్నాం. ఆగలేదు. ఒక దెబ్బ, కాసేపు ఆగి ఇంకో దెబ్బ. ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా, ఒకటి సరిగ్గా తగలక గీసుకుపోయినట్టు. ఒక్కొక్కటి ఒక్కో చేతిది. నాయనమ్మ వేళ్ళు బియ్యంలో ఆగిపోయాయి.

"ఇయ్యాల గిన్ని సార్లు కొడుతుండ్రేంది?"

"బడి మూసిండ్రు నాయనమ్మా. అయిదో తరగతోళ్ళు కొడుతుండ్రు" అన్నాను. ఇంకో దెబ్బ పడింది. దాని తరువాత చాలాసేపు కూర్చున్నాం, ఇంకొకటి వస్తుందేమోనని. రాలేదు.

నాయనమ్మ బియ్యం పక్కకు నెట్టి లేచి గుమ్మం దాకా పోయింది. గడప దాటలేదు. దాటకూడదు కదా.

మరునాడు తెల్లవారుతుంటే మాటలు వినపడి మెలకువ వచ్చింది. నాయనమ్మ గుమ్మంలో నిలబడి, మండ వైపు తలెత్తి మాట్లాడుతోంది. పక్కింటామెతో మాట్లాడినట్టే ఉంది గొంతు.

"నీ పేరు చెప్పి లారీని ఆపుకున్న తల్లీ. ఇంట్ల జర నాలుగు దినాలు ఉందామనుకున్న. ఇల్లు ఆగాలని కడితే బడి ఆగిపాయె. పిల్ల అన్నం తింటలేదు. తప్పైతే నాకు పొయ్యి. పోరగాండ్ల జోలికి రాకు."

నేను దుప్పటిలోంచే అడిగాను, "మరి ఆ మండ తీసెయ్యరాదు? సార్‌తోని చెప్పొస్త."

ఆమె ఉలిక్కిపడలేదు. వచ్చి నా పక్కన కూర్చుంది.

"కట్టినంక మన చేతుల ఉండదు బిడ్డా. ఉత్తగ కట్టిన అని విప్పితే, అప్పుడు నిజంగ వస్తే? తమ్మునికే వస్తే? నీళ్ళు పోసే దినం దాకా ఉండాలె. ఇగ నేను గూడ నీ లెక్కనే, లోపటనే."

అట్లా అందరం లోపలే ఉండిపోయాం. ఎవరికీ ఏ జబ్బూ లేదు. తమ్ముడి పొట్ట మీది పొక్కు మూడో నాటికి ఆనవాలు లేకుండా పోయింది. వాణ్ణి బయటికి పోకుండా పట్టుకోవడమే పెద్ద పని అయింది. బాపు కార్ఖానాకు పోలేదు. గడ్డం పెరిగి ఆయన మొహం ఎవరిదోలా కనిపించేది. అద్దంలో చూసుకుని, "గిట్లనే ఉంటే కాలనీల నన్ను సాధువు అనుకుంటరు" అన్నాడు. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ ఇంట్లో వాళ్ళిద్దరూ పగలు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడం నేను అప్పుడే చూశాను.

బేస్తవారం లారీ వచ్చింది. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. డ్రైవర్ హారన్ కొట్టుకుంటూ గల్లీలోకి వచ్చి, మా గుమ్మం చూసి హారన్ ఆపాడు. దిగి, చెప్పులు విడిచి, రోడ్డు మీదే నిలబడి దండం పెట్టాడు. "తల్లీ, ఎరుక లేక మోగిచ్చిన" అన్నాడు. బాపు లోపలి నుంచి, "అన్నా, జర వారం ఆగు" అని అరిచాడు. అతను నోటి మీద వేలు పెట్టి, ఏమీ మాట్లాడొద్దన్నట్టు సైగ చేసి, గల్లీ పొడుగునా వెనక్కే నడిపించుకుపోయాడు లారీని. నాయనమ్మ దాన్ని కూడా గుమ్మం లోపలి నుంచే చూసింది. ఆమెకు సంతోషం అయ్యుండాలి. మొహంలో మాత్రం కనిపించలేదు.

అన్నంలోకి పోపు లేని పప్పు, పెరుగు, జొన్న అంబలి. ఉగాది మాకు లోపలే వచ్చింది. పెనం పొయ్యి ఎక్కలేదు. మిగిలిన ఇళ్ళ నుంచి బక్ష్యాలు కాలుతున్న నెయ్యి వాసన గోడ మీదుగా వచ్చి మా ఇంట్లోనే తిరిగేది. తమ్ముడు ఆ వాసన పట్టుకుని గోడ వెంబడి నడుస్తూ ఏడ్చాడు. మా దోస్తు మాత్రం మధ్యాహ్నాలు పెద్దవాళ్ళు కునుకు తీసే వేళ వెనక కిటికీ దగ్గరికి వచ్చేది. పొడుగు కట్టె చివర ద్రాక్ష గుత్తి కట్టి, చువ్వల సందులోంచి లోపలికి తోసేది. తనకు అంటుకోకూడదని అంత దూరం. సగం కాయలు దారిలోనే రాలేవి.

"గంట నువ్వు గూడ కొట్టినవా?" అని అడిగాను ఒకరోజు.

"కొట్టిన. మస్తు మోగింది. సార్ ఏడ్చిండు తెల్సా? కంట్ల దుమ్ము పడ్డదన్నడు." కట్టె వెనక్కి లాక్కుంటూ, "నీ వంతు కొడతనని అడిగిన. ఆమె వచ్చి కొట్టుకుంటది, ఉండనియ్యమ్మా అన్నడు" అంది.

ఆ మాట పట్టుకుని నేను మిగిలిన రోజులు గడిపాను. నా దెబ్బ ఇంకా ఆ ఇనుములో ఉంది, నీళ్ళు పోయగానే ఉరికిపోయి కొడతాను అనుకున్నాను.

లోపల ఉన్నన్నాళ్ళూ నాయనమ్మ ఇల్లంతా తిరిగేది. ఒక్కో మూలకు పోయి, మమ్మల్ని పిలిచి చూపించేది. మీ బాపు ఇక్కడ పుట్టిండు. ఈడ జొన్నల పాతర ఉండె, మూత తీస్తే ఆవిరి కొట్టేది. ఈ గోడ మీ తాత పెట్టిండు, గందుకే వంకర. తమ్ముడు ఆ వంకర గోడకు వీపు ఆనించి, తనూ వంకరగా నిలబడి చూపించాడు. ఆమె చాలా రోజులకు నవ్వింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆ ఇల్లు నాకు తెలిసినంతగా ఇంకే ఇల్లూ తెలియదు. ఆ తెలిసింది కూడా ఆ రోజుల వల్లే. అయినా అప్పుడు నాకు కావలసింది ఇల్లు కాదు. గడప అవతల ఉన్నది.

నీళ్ళు పోసే రోజు వచ్చింది. వేపాకు, పసుపు వేసి కాచిన నీళ్ళు ఏ జబ్బూ లేని తమ్ముడికి పోశారు. వాడు కళ్ళలో పసుపు పడిందని కేకలు పెట్టాడు. ఊరి చివర పోచమ్మకు పెరుగన్నం పెట్టి వచ్చారు. నాయనమ్మ మండ విప్పగానే నేను బడికి పరుగెత్తాను. గదులకు తాళాలు లేవు, తలుపులే లేవు. వేపచెట్టు ఉంది. కొమ్మకు తాడు వేలాడుతోంది. రైలుపట్టా ముక్కను ఎవరో ఇనుప సామాన్ల కింద తీసుకుపోయారు. నేను ఆ తాడు పట్టుకుని కాసేపు నిలబడి వచ్చేశాను. ఎవరికీ చెప్పలేదు. నాయనమ్మ అడగలేదు కూడా.

ఆ మరుసటి రోజే లారీ వచ్చింది. బాపు మా దర్వాజను కూడా ఊడదీసి సామాను మీద వేశాడు. దోస్తు వాళ్ళు తుక్కుగూడ దిక్కు చుట్టాల దగ్గరికి పోయారని తరువాత విన్నాను. మళ్ళీ చూడలేదు. కాలనీ నుంచి నేను వేరే బడికి పోయాను, అక్కడి నుంచి కాలేజీకి. నాయనమ్మ నా పెళ్ళి దాకా బతకలేదు. అమ్మవారు ఆమెకు ఎప్పుడూ పోయలేదు. మాకూ పోయలేదు.

ఇందాక పిల్లల్ని పడుకోబెట్టే ముందు అమ్మకు ఫోన్ చేశాను. ఆ దర్వాజ ఇప్పుడు కాలనీలో అమ్మ వాళ్ళ ఇంటికి ఉంది. పైకమ్మీకి ఆ దారం కట్టిన మేకు కూడా అట్లాగే ఉంది. బాబు పొక్కు సంగతి చెప్పి, ఇన్నేళ్ళలో ఎన్నడూ అడగనిది అడిగాను.

"అమ్మా, ఆనాడు తమ్మునిది చెమటకాయనే అని నీకు తెల్సు గద. సార్‌తోని అవునని ఎందుకన్నవు?"

అవతల అమ్మ టీవీ చప్పుడు తగ్గించింది.

"నాకేం తెల్సు బిడ్డా. చెమటకాయ అనుకున్న, అంతే. కాదని చెప్పినంక నిజంగ అదే అయితే? ఊరు ఊరంతా మనల్ని అనదా? అవునంటే నీ బడి పోతది, కాదంటే ఎవల పిల్లనో పోతదేమో. సార్ అవునా కాదా అనే అడిగె. తెల్వది అని చెప్పొచ్చని నాకు అప్పుడు తోచలే."

మళ్ళీ తనే అంది, "నువ్వు కుచ్చెళ్ళు గుంజుడు నాకు ఇంకా యాదికుంటది."

బాబుకు దురద ఉందా అని అడిగింది. లేదన్నాను. గోళ్ళు తియ్యి, ఎందుకైనా మంచిది అంది.

గోళ్ళు తీశాను. నిద్రలో చేయి లాక్కున్నాడు. లైటు వేసి మళ్ళీ చూశాను, పొక్కు ఒకటే. ఒకటే ఉండటం మంచిదో కాదో కూడా నాకు తెలియదు. గ్రూపు తెరిచాను. ఎవరో రేపటి రిహార్సల్‌కు పిల్లల్ని త్వరగా పంపమని గుర్తు చేస్తున్నారు. గ్రూపులో కాకుండా టీచరుకు విడిగా రాశాను. 'బాబుకు ఒక పొక్కు వచ్చింది. అదేనో కాదో మాకు తెలియదు. రేపు పొద్దున డాక్టరుకు చూపించి చెబుతాను. అప్పటిదాకా ఇద్దరినీ పంపను.' పంపాక మా ఆయనకూ అదే పెట్టాను. ఆయన దగ్గర నుంచి 'సరే' అని ఒక్క ముక్క వచ్చింది. కోపమో, నిజంగా సరేనో ఆ ఒక్క ముక్కలో తెలియలేదు.

రాత్రి అక్కడిదాకా రాసి పడుకున్నాను. పొద్దున పాప నాకంటే ముందు లేచింది. గౌను తొడుక్కుని, వెండి దారాలు సర్దుకుంటూ వంటింటి గుమ్మంలో నిలబడింది. వెనక బాబు ఆ దారాలు పట్టుకుని లాగుతున్నాడు. నేను పొయ్యి ఆపి ఇద్దరినీ ముందు కూర్చోబెట్టుకున్నాను.

"ఇవాళ పొద్దున మనం బడికి పోవడం లేదు. తమ్ముడి ఒంటి మీద ఒక పొక్కు ఉంది. అదేంటో నాకు తెలియదు. మీ టీచరుకు కూడా తెలియదనే చెప్పాను. నాన్న రాగానే దవాఖానకు పోదాం. ఏం కాదంటే ఇంటికి కూడా రాము, నిన్ను అదే దారిలో బడి దగ్గర దింపుతాను, గౌను వేసుకునే రా."

"మరి అదే అంటే? మూసేస్తారా?"

"మూసేయొచ్చు."

పాప ఒక వెండి దారాన్ని వేలికి చుట్టుకుంది. "మనవల్లేనా?"

"పొక్కు వల్ల. మనం ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాం, అంతే."

"నా వాన?"

నేను ఆమె గౌనులో చిక్కుకున్న బాబు వేళ్ళను ఒక్కొక్కటిగా విడదీశాను. నాకు తెలియకుండానే మా ఊరి మాట వచ్చేసింది.

"మీ బడి మూసినా మల్ల తెరుస్తరు బిడ్డా. జూన్‌ల నేను చెయ్యి పట్టుకొని తోల్కపోత. గోడలు గట్లనే ఉంటయి, గంట గట్లనే ఉంటది. నీ వాన నువ్వే కురిపిద్దువు."